జీపుకి ముందుకాళ్ళు మార్చవచ్చునా?

పిల్లలూ! ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో మీరెప్పుడైనా చివరి సీట్లో కూర్చున్నారా? కూర్చుని వుంటే నేను చెప్పబోయేది మీకు సగం అర్థమైనట్లే. కొల్లేటి నేల నల్ల బంకమట్టి. వానాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో బీటలు వారి కుంగుతుంది. దానిమీద వేసిన రోడ్డు రెండేళ్ళు తిరిగేసరికి అలలు అలలుగా తయారవుతుంది. ఇంజనీర్లు ఎంత మంచివాళ్ళైనా అడుగున మట్టి మారదు కదా! రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు. గట్టు దిగితే నీళ్ళే.

ఆ రోడ్డుమీద మా శిష్యుడొకడు నన్ను జీపు ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. పదో తరగతిలో లెక్కలు తప్పి, తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డులో పనికి చేరినవాడు. ఇప్పుడు అతనే ఒక షెడ్డు నడుపుతున్నాడు. చేతిలో పని వుంది. పాత జీపొకటి కొని, దాని ముందు ఇరుసునీ, కమాను కట్టల్నీ ఊడదీసి, తుక్కులో దొరికిన ఒక కొత్తరకం కారు ముందుభాగాన్ని, అంటే చక్రాలూ, చేతులూ, స్ప్రింగులూ, వాటన్నిటినీ మోసే అడ్డదూలంతో సహా తెచ్చి, జీపు ఛాసిసుకి వెల్డింగు చేశాడు. ఇలాంటి అడ్డదూలాన్నే సబ్‌ఫ్రేము అంటారు. "మాస్టారూ, ఇప్పుడు మన జీపు కారులా వెళ్తుంది, చూడండి" అన్నాడు. నిజంగానే వెళ్ళింది. ఏలూరు దాటేదాకా నేను ముచ్చటపడ్డాను కూడా.

కొల్లేటి రోడ్డు మీదికి వచ్చాక ఎడమ చక్రం ఒక మిట్ట ఎక్కింది. స్టీరింగు అతని చేతిలో తిన్నగానే వుంది. జీపు మాత్రం ఎడమకి లాగేసింది. అతను గట్టిగా పట్టి లాగి బ్రేకు వేసేసరికి ఎడమ చక్రాలు రెండూ గట్టు అంచున వున్నాయి. తూటికాడలు బానెట్టుకి తగులుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. "ఏదో పట్టేసిందండీ" అన్నాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి కాగితం, వృత్తలేఖిని ముందేసుకుని కూర్చుంటే ఏం పట్టేసిందో తెలిసింది. ఆ లెక్క తొమ్మిదో తరగతి దాటనిదే. అదే నన్ను ఈ వ్యాసం రాయించింది.

ముందుగా ఒకమాట. పాత బండికి కొత్త కాళ్ళు పెట్టాలనుకోవడం పిచ్చి కాదు. అలా అనేవాళ్ళు పాత జీపులో ఇరవై మైళ్ళు ప్రయాణం చేసి అప్పుడు మాట్లాడాలి. జీపు ముందు చక్రాలు రెండూ ఒకే ఇనప ఇరుసుకి బిగించి వుంటాయి. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు మొత్తం ఒరుగుతుంది, రెండో చక్రం కూడా ఒరుగుతుంది. తిరిగే చక్రాన్ని ఒరిగిస్తే ఏమవుతుందో మీరే చూడవచ్చు. సైకిలు ముందు చక్రం ఊడదీసి, ఇరుసు రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకోండి. స్నేహితుణ్ణి వేగంగా తిప్పమనండి. ఇప్పుడు ఒక చేతిని పైకి, రెండో చేతిని కిందకి ఒంచండి. చక్రం మీరు ఒంచినవైపు పోకుండా పక్కకి తిరగాలని చూస్తుంది! ఇదే గైరోస్కోపు గుణం. జీపులో ఇరుసు ఒరిగినప్పుడల్లా చక్రాలు ఇలాగే పక్కకి తిరగాలని చూస్తాయి. స్టీరింగు చేతిలో గజగజ వణకడానికి ఇదొక కారణం.

ఈ బాధ మనది మాత్రమే కాదు. అమెరికాలో కార్ల వేగం పెరిగినకొద్దీ ఇదే సమస్య వచ్చింది. మారిస్ ఓలీ అనే ఇంజనీరు రోల్స్ రాయిస్ కంపెనీ నుంచి జనరల్ మోటార్స్‌కి వెళ్ళి దీనిమీద పనిచేశాడు. 1934 నాటికి కాడిలాక్ కార్లలో ముందు చక్రాలు దేనికది విడివిడిగా కదిలే ఏర్పాటు వచ్చింది. మన అంబాసిడర్ కూడా ఆ రకమే సుమా! బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారే ఇక్కడ అంబాసిడర్ అయింది. దాని ముందు చక్రాలకి కమాను కట్టలుగానీ, చుట్టల స్ప్రింగుగానీ లేవు. కారు పొడుగునా పడుకున్న ఉక్కు కడ్డీ మెలితిరిగి స్ప్రింగులా పనిచేస్తుంది. తడిబట్ట పిండినట్లన్నమాట. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. వేరే బండి డీజిలు ఇంజను ఎక్కించిన అంబాసిడర్లలో మా తరంవాళ్ళం పెళ్ళిళ్ళకి తిరిగాం. ఆ కారుకి విడిగా ఛాసిసు లేదు, ఒళ్ళే ఎముకల గూడు. కాబట్టి దాని ముందుభాగం కోసి మరోటి అతికించడం జీపుకి అతికించడంకంటే ఇంకా పెద్ద శస్త్రచికిత్స. ఇది చాలామందికి తెలియదు.

పాత బండికి కొత్త కాళ్ళు పెట్టే విద్యలో అమెరికావాళ్ళు ఆరితేరారు. ఫోర్డు కంపెనీ 1974 నుంచి 1978 దాకా మస్టాంగ్ రెండు అనే చిన్నకారు చేసింది. కారుగా దానికి గొప్ప పేరేమీ లేదు. కానీ దాని ముందు అడ్డదూలం పొందికగా, ఇరుకుగా వుండటంతో 1930ల నాటి బళ్ళని సరదాగా బాగుచేసుకునేవాళ్ళందరూ దానికోసం ఎగబడ్డారు. చివరికి ఆ నమూనాలోనే కొత్త అడ్డదూలాలు తయారుచేసి అమ్మే కంపెనీలు పుట్టాయి. మావాడు ఫోనులో చూసింది ఆ వీడియోలే. గంట వీడియోలో వెల్డింగు నిప్పురవ్వలు నలభై నిమిషాలు చూపిస్తారు, కొలతలు రెండు నిమిషాలు. తప్పంతా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు మన లెక్కకి వద్దాం. కాగితం తీసుకోండి. చక్రాన్ని పట్టుకున్న కింది చెయ్యి పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. దాని లోపలి కొస అడ్డదూలానికి కీలుమీద వుంది. చెయ్యి నేలకి సమాంతరంగా వుంది. చక్రం 5 సెంటీమీటర్లు పైకి లేస్తే ఆ చెయ్యి బయటి కొస వృత్తఖండం మీద పైకి వెళుతుంది, అంచేత కాస్త లోపలికి కూడా జరుగుతుంది. ఎంత? పైథాగరస్ సిద్ధాంతం వాడండి. 900 లోంచి 25 తీసేస్తే 875. దాని వర్గమూలం 29.58. అంటే 4.2 మిల్లీమీటర్లు లోపలికి జరిగింది.

చక్రాన్ని తిప్పే స్టీరింగు కడ్డీ కూడా ఇలాంటిదే. అదీ 30 సెంటీమీటర్ల పొడవుతో, చేతికి సమాంతరంగా వుంటే, అదీ 4.2 మిల్లీమీటర్లే లోపలికి జరుగుతుంది. రెండూ సమానం, చక్రం తిన్నగా వుంటుంది. ఆ కారుని తయారుచేసినవాళ్ళు చేసిన పని ఇదే. (అసలు కారులో పై చెయ్యి, కింది చెయ్యి వేర్వేరు పొడవులుంటాయి, లెక్క ఇంకాస్త చిక్కుగా వుంటుంది. సూత్రం మాత్రం ఇదే.)

మావాడు ఏం చేశాడు? జీపు ఇంజను అడుగున వున్న ఆయిలు సంపు స్టీరింగు రాక్‌కి అడ్డొచ్చింది. రాక్ అంటే కడ్డీలని అటూ ఇటూ తోసే పళ్ళపట్టీ. దాన్ని కొద్దిగా పైకి జరిపి బిగించాడు. "నాలుగు సెంటీమీటర్లేగా మాస్టారూ!" అన్నాడు. ఆ నాలుగు సెంటీమీటర్లు ఏం చేస్తాయో చూడండి. ఇప్పుడు స్టీరింగు కడ్డీ లోపలి కొస 4 సెంటీమీటర్లు ఎత్తులో వుంది, బయటి కొస కిందకి వాలి వుంది. నేలమీద దాని నీడ పొడవు 900 లోంచి 16 తీసేస్తే వచ్చే దాని వర్గమూలం, అంటే 29.73. చక్రం 5 సెంటీమీటర్లు లేచాక బయటి కొస లోపలి కొసకంటే ఒక సెంటీమీటరు పైన వుంటుంది. అప్పుడు నీడ పొడవు 29.98. అంటే కడ్డీ చక్రాన్ని రెండున్నర మిల్లీమీటర్లు బయటికి తోస్తోంది. అదే సమయంలో చెయ్యి చక్రాన్ని 4.2 మిల్లీమీటర్లు లోపలికి లాగుతోంది. మొత్తం తేడా 6.7 మిల్లీమీటర్లు! చక్రం తిరిగే ఇరుసు నుంచి ఆ కడ్డీ తగిలే చోటుకి 12 సెంటీమీటర్లుంటే, చక్రం మూడు డిగ్రీలకు పైగా దానంతటదే తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగు కదపలేదు. రోడ్డే బండిని తిప్పింది.

మూడు డిగ్రీలంటే చిన్నదనిపిస్తుంది. బండి ముక్కు ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే చాలు, వంద మీటర్లు వెళ్ళేసరికి 175 సెంటీమీటర్లు పక్కన వుంటుంది. రెండో చక్రం తిన్నగా వుండి అడ్డుపడుతుంది కాబట్టి బండి పూర్తిగా మూడు డిగ్రీలూ తిరగదు, నిజమే. కానీ కొల్లేటి రోడ్డుమీద మనకి వున్న జాగా ఎంత?

ఇంకొక విచిత్రం. ఈ రాక్ కొన్ని కార్లలో ఇరుసుకి ముందు వుంటుంది, కొన్నింటిలో వెనక. ముందుండాల్సిన దాన్ని అలాగే తెచ్చి వెనక బిగించారనుకోండి, స్టీరింగు కుడికి తిప్పితే బండి ఎడమకి పోతుంది! నవ్వకండి. బండి దించి మొదటిసారి తిప్పి చూసేదాకా తెలియని పొరపాటు ఇది.

మెత్తదనం సంగతీ చెప్పాలి, అసలు ఈ మార్పంతా దానికోసమే కదా. లాబ్‌లో స్ప్రింగుకి ఒక బరువు తగిలించండి. అది ఎంత కిందకి సాగిందో కొలవండి. 25 సెంటీమీటర్లు సాగితే, లాగి వదిలినప్పుడు అది సెకనుకి ఒకసారి ఊగుతుంది. ఆరుంపావు సెంటీమీటర్లే సాగితే సెకనుకి రెండుసార్లు. స్ప్రింగు ఏదైనా సరే, బరువు ఎంతైనా సరే, సాగిన పొడవు తెలిస్తే ఊపు తెలిసిపోతుంది. ఇది నాకు ఇప్పటికీ అందంగా కనిపించే విషయం. మనిషి నడకలో ఒళ్ళు సెకనుకి ఒకటి నుంచి రెండుసార్లు ఊగుతుంది. పుట్టినప్పటి నుంచీ అలవాటైన ఊపు కాబట్టి సెకనుకి ఒకటి, ఒకటింబావు ఊపులుండే కారు మనకి హాయిగా వుంటుంది. బిరుసు కమాను కట్టల బండి అంతకంటే వేగంగా ఎగిరెగిరి పడుతుంది.

ఐతే ఒక కారు స్ప్రింగులు ఆ కారు బరువుకి కుదిరినవి. మావాడి జీపు ఇంజను ఆ కారు ఇంజనుకంటే బరువు. స్ప్రింగులు ఎక్కువ అణిగాయి, చేతులు నేలకి సమాంతరంగా లేకుండా పైకి చూస్తున్నాయి. అంటే పైన మనం వేసిన లెక్క మొదటి మెట్టులోనే తప్పిపోయింది. నేను కారుకొలతలతో లెక్క వేశాను, అతని జీపులో పరిస్థితి ఇంకా అన్యాయం!

ఇక బలం సంగతి. 1400 కిలోల బండి, గురుత్వకేంద్రం నేలకి 70 సెంటీమీటర్ల ఎత్తున, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.3 మీటర్లు అనుకోండి. గట్టిగా బ్రేకు వేస్తే, అంటే గురుత్వ త్వరణంలో పదింట ఆరు వంతుల మందగింపుతో, వెనక చక్రాలమీద నుంచి సుమారు 255 కిలోల భారం ముందు చక్రాలమీదికి ఉరుకుతుంది. మూడు ధాన్యం బస్తాలకి పైనే! ఆ బస్తాలు పడేది మావాడి వెల్డింగు అతుకులమీద. అతుకు చూడటానికి నున్నగా, చేపపొలుసుల్లా ముచ్చటగా వుంది. కాదనను. కానీ వెల్డింగు వేడికి అతుకు పక్కనున్న ఉక్కు గుణం మారుతుంది. కొత్త కార్లలో వాడే గట్టిరకం ఉక్కుని తగిన జాగ్రత్త లేకుండా కాలిస్తే దాని బలం తగ్గిపోవచ్చు, లేదా పెళుసెక్కవచ్చు. ఇనపతీగని అటూ ఇటూ వంచుతూ పోతే పదిహేనోసారో ఇరవయ్యోసారో పుటుక్కున తెగుతుంది కదా, ఒక్కసారి వంచితే తెగదు. అతుకూ అంతే. మొదటి రోజు తెగదు. మొదటి ఏడాదీ తెగకపోవచ్చు. దానికి తోడు మన దగ్గర చేపల బళ్ళనుంచీ రొయ్యల బళ్ళనుంచీ కారే ఐసునీళ్ళు, ఉప్పునీళ్ళు. తుప్పు ముందు చేరేది అతుకు పగుల్లోకే.

ఈ సంగతులు చెబితే పెద్ద మేస్త్రులు కొందరు నన్ను కోప్పడతారు. "ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాం, మాకు తెలియదా?" అంటారు. వాళ్ళకి తెలిసింది నాకు తెలియదని ఒప్పుకుంటాను. బండి నాలుగు చక్రాల చుట్టూ నూలుదారం కట్టి, టేపుతో కొలిచి, ముందు చక్రాలు ఎంత లోపలికి చూస్తున్నాయో మిల్లీమీటరు తేడాతో చెప్పే మేస్త్రిని నేను చూశాను. అది అచ్చమైన విజ్ఞానం. ఐతే దారం కొలిచేది బండి నిలబడి వున్నప్పటి సంగతి. చక్రం పైకి లేచినప్పుడు ఏం జరుగుతుందో చూడాలంటే స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని సెంటీమీటరు చొప్పున లేపుతూ ప్రతిసారీ కొలవాలి. ఒక పూట పని. ఆ పూట ఎవరూ కేటాయించరు, బండి సొంతదారు గుమ్మంలో నిలబడి "ఎప్పుడిస్తావు?" అంటుంటాడు.

చట్టం ఏమంటోంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి సొంతదారుకి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలలదాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. కాబట్టి మావాడి జీపు రోడ్డుమీదికి రావడమే తప్పు. నేను ఎక్కడమూ ఒకరకంగా తప్పే.

చట్టం అలా వుండటం నాకు సమ్మతమే. రోడ్డుమీద వెళ్ళేది ఆ జీపు ఒక్కటే కాదు, ఎదురుగా సైకిలుమీద మీరూ వస్తుంటారు. కానీ "వద్దు" అని ఊరుకుంటే సరిపోదని నా అభిప్రాయం. వద్దన్నా షెడ్డుల్లో పని జరుగుతూనే వుంది, రాత్రిపూట జరుగుతోంది, కొలతలు లేకుండా జరుగుతోంది. బ్రిటన్‌లో చాలా ఏళ్ళపాటు మార్కుల పద్ధతి నడిచింది. మార్చిన బండిలో అసలు ఛాసిసు మిగిలితే 5 మార్కులు, సస్పెన్షనుకి 2, ఇరుసులకి 2, స్టీరింగుకి 2, గేరుపెట్టెకి 2, ఇంజనుకి 1. ఎనిమిది రాకపోయినా, ఛాసిసుని కోసినా, ఆ ఒక్క బండినీ పరీక్షకి తీసుకెళ్ళి నెగ్గించుకోవాలి. జర్మనీలో కూడా మార్చిన బండిని తనిఖీ సంస్థకి చూపించి పత్రంలో రాయించుకుంటారు. చూశారా, ఇంజనుకి ఒకటే మార్కు! మనవాళ్ళు ఇంజనుకే పెద్దపీట వేస్తారు. మనకి కూడా పుణేలో 1966 నుంచి వాహన పరిశోధన సంస్థ వుంది. కంపెనీల కొత్త బళ్ళని పరీక్షిస్తుంది. తాడేపల్లిగూడెం మేస్త్రి బండికి మాత్రం ఆ తలుపు ఎక్కడ తట్టాలో తెలియదు. జిల్లాకి ఒకచోటైనా, పటం గీసి, కొలతలు రాసి, రుసుము కట్టి, "నా పని పరీక్షించండి" అని అడగగలిగే ఏర్పాటు వుండాలి. నెగ్గినవి వుంటాయి, తప్పినవి వుంటాయి. తప్పినవాడికి ఎందుకు తప్పాడో తెలుస్తుంది. ఇప్పుడు చెరువులో పడ్డాక తెలుస్తోంది.

కంపెనీలు చేసేది కూడా ఈ మార్పే మరి! మహీంద్రావారి థార్ 2010లో వచ్చినప్పుడు ముందువైపు మెలితిరిగే కడ్డీలు, వెనక కమాను కట్టలు. 2020లో వచ్చిన థార్‌కి ముందూ వెనకా చుట్టల స్ప్రింగులే. పేరు అదే, కాళ్ళు వేరు. కానీ వాళ్ళు పాత ఛాసిసుకి కొత్త కాళ్ళు అతికించలేదు, కాళ్ళకి తగ్గ ఛాసిసు చేశారు.

మీలో ఈ పని మీద మనసున్నవాళ్ళు వుంటారు, నాకు తెలుసు. చివరి బెంచీలో నోటుపుస్తకం వెనక జీపు బొమ్మలు వేస్తుంటారు. మీకు దారి వుంది. ఇంజనీరింగు కాలేజీల పిల్లలు తమ చేత్తో చిన్నబండి తయారుచేసి, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లాంటి చోట్ల రాళ్ళమీదా గుంటలమీదా పరుగెత్తించే బాజా పోటీలు మనదేశంలో 2007 నుంచి జరుగుతున్నాయి. అక్కడ చక్రం ఒక్కొక్క సెంటీమీటరు లేస్తే ఎంత తిరుగుతుందో గ్రాఫు గీసి చూపించాలి, న్యాయనిర్ణేతలు అడుగుతారు. బండి పడినా పడేది మైదానంలోనే. పాలిటెక్నిక్‌కి వెళ్ళినా, ఐటిఐలో వెల్డింగు నేర్చినా ఆ గ్రాఫు గీయడం మీకు వచ్చితీరాలి. దానికి కావలసిందల్లా పైన చెప్పిన పైథాగరసే.

మావాడు ఆ కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాస్టారూ, ఇది మీరు మాకు అప్పుడే చెప్పొచ్చు కదండీ" అన్నాడు. చెప్పాను. లంబకోణ త్రిభుజం, గోడకి ఆనించిన నిచ్చెన, అంతే చెప్పాను. జీపు చెప్పలేదు. లెక్కలు నా సబ్జెక్టు కాదని తప్పించుకోవచ్చు, కానీ అతనికి నేనే రెండేళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను.

జీపుకి ఇప్పుడు పాత ఇరుసూ కమాను కట్టలూ తిరిగి వచ్చాయి. కోసిన చోట ఛాసిసుకి లోపలివైపు పట్టీ వేయించి బిగించాడు, అదీ నాకు పూర్తిగా నమ్మకం లేదు, కాబట్టి అతను దాన్ని షెడ్డు ఆవరణ దాటించడంలేదు. ఊడదీసిన అడ్డదూలాన్ని ఆటోలో వేసి మా బడికి తెచ్చి ఇచ్చాడు. సైన్సు గది వరండాలో రెండు బల్లలమధ్య వుంది. ఒకవైపు స్ప్రింగు తీసేశాం. తొమ్మిదో తరగతివాళ్ళు జాకీతో చక్రం లేపుతూ, చక్రానికి కట్టిన కర్ర కొస గోడమీద ఎంత జరిగిందో సుద్దముక్కతో గుర్తుపెడుతున్నారు. రాక్‌ని మొదట కంపెనీ పెట్టిన చోట బిగించి ఒకసారి, నాలుగు సెంటీమీటర్లు పైన ఒకసారి. శనివారం సాయంత్రం అతనూ వస్తున్నాడు, కిందటి వారం ఒక జట్టు గుర్తులు తప్పుగా పెడితే పట్టుకున్నది అతనే.